వచ్చీరాగానే తాంబూలం

"ఫారిన్ వెళ్ళొచ్చావంటగా, ఏ దేశం?" అని మా ఊళ్ళో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. "శ్రీలంక" అనగానే వాళ్ళ మొహంలో ఒక నిశ్చింత. "ఓస్, అంతేనా! రామేశ్వరం అవతలేగా" అని హాయిగా ఊపిరి తీసుకుంటారు. వెళ్ళనివాళ్ళ కోసం, ముఖ్యంగా ఆ "ఓస్" అన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సముద్రం దాటాను. పాస్‌పోర్టులో ముద్ర పడింది. అది ఫారినే.

ముందే ఒకటి చెప్పేస్తాను. ఈ ప్రయాణంలో నేను ప్రతిదాన్నీ కుళ్ళుకుంటూనే చూశాను. మనుషుల్ని చూసి కుళ్ళుకున్నాను, బీచ్‌ని చూసి కుళ్ళుకున్నాను, ఆఖరికి ఒక స్తూపాన్ని చూసి కూడా కుళ్ళుకున్నాను. ప్రశాంతమైన వర్ణనలు కావాలంటే నాతో వచ్చిన మౌనికని అడగండి. తన ఫోటోలకి లైకులు కూడా ఎక్కువే వచ్చాయి.

గుంటూరు: దేశం దొరకడం

మౌనికా, నేనూ గుంటూరులో డిగ్రీ మూడేళ్ళూ ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. తనది చీరాల, మగ్గం నేసే ఇల్లు. మాది ప్రత్తిపాడు పక్కన ఊరు, మిరపా పత్తీ. డిగ్రీ అయ్యాక ఎవరి దారి వాళ్ళు పట్టేలోపు ఒక్కసారి ఫారిన్ వెళ్ళాలని మొదటి సంవత్సరంలోనే అనుకున్నాం. డబ్బు కోసం ఇద్దరం ట్యూషన్లు చెప్పాం. మిరపకాయ మంచి ధరకి పోయిన ఏడు మా నాన్న కాస్త కలిపాడు.

నా మనసంతా థాయిలాండ్ మీద ఉంది. ఎందుకంటే మా పెదనాన్న కూతురు అక్కడికెళ్ళి ఏనుగుని కౌగిలించుకుని ఫోటో పెట్టింది. ఆ ఫోటో చూసినప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు. టికెట్ ధరలు చూసి మౌనిక తల అడ్డంగా ఊపింది. "మన దగ్గరున్నదానికి వెళ్ళడం వరకూ వెళ్తాం శైలూ, తిరిగి రావడమే కష్టం" అంది. వియత్నాం అన్నాను. అదీ అంతే. తను నేపాల్ అంది. నేపాల్‌కి పాస్‌పోర్టే అక్కర్లేదు, మరి ముద్రెలా పడుతుంది? ముద్ర లేని ఫారిన్ నాకొద్దన్నాను. చివరికి తనే శ్రీలంక పేరు తీసింది. చెన్నై నుంచి టికెట్ చవక, తిండి మనలాంటిదే, ఇళ్ళల్లో గదులు అద్దెకిస్తారు. అన్నీ సబబుగానే ఉన్నాయి. అందుకే నాకు నచ్చలేదు.

మా అమ్మ థాయిలాండ్ పేరెత్తితే కాళ్ళు విరగ్గొడతానంది. శ్రీలంక అనేసరికి, "ఎవరు చెప్పారు, మౌనికా? ఆ పిల్ల చెప్పిందంటే ఆలోచించే చెప్పుంటుంది, వెళ్ళు" అంది. కన్నతల్లి! ఇరవై ఏళ్ళు పెంచిన నన్ను నమ్మదు, నాలుగుసార్లు ఇంటికొచ్చి అన్నం తిని పళ్ళెం కడిగిపెట్టిన పిల్లని నమ్ముతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు మంట వేరే ఉంది. హైదరాబాద్ యూనివర్సిటీలో పీజీ కోసం ఇద్దరం పరీక్ష రాశాం. తనకి సీటొచ్చింది. నాకు రాలేదు. ఈ ప్రయాణం అయిన కొన్నాళ్ళకే తను వెళ్ళిపోతుంది. కొత్త గది, కొత్త రూమ్మేట్, కొత్త మాటలు. నేనేమో గుంటూరులోనే, తన ఫోన్‌లో కిందికి జారిపోయే ఒక పేరు. ఈ వారం రోజులూ తను నన్ను మర్చిపోలేనట్టు గడవాలని దేవుడికి మొక్కుకున్నాను. విమానం ఎక్కిన దగ్గర్నుంచి మూతి ముడుచుకునే కూర్చున్నాను.

కొలంబో: మా మిరపకాయ, తన చున్నీ

మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైచిలుకు వస్తాయి. నోట్ల కట్ట చేతికి రాగానే నేను గాల్లో తేలిపోయాను. మొదటి టీ బిల్లు చూసి నేల మీదికి దిగాను. ఆ ధరకి మా ఊరి సెంటర్లో నలుగురం టీ తాగి, బజ్జీలు తిని, చిల్లర కూడా తీసుకుంటాం.

సింహళంలో అక్కని అక్క అనే అంటారు, అమ్మని అమ్మ అనే అంటారు. బస్సు కండక్టరు నన్ను "అక్కా, జరగండి" అన్నట్టు ఏదో అన్నాడు. ఇంత దూరం వచ్చింది అక్కా అనిపించుకోవడానికా అని నాకు నీరసం వచ్చింది. మౌనిక మాత్రం "ఎంత బాగుందే!" అని మురిసిపోయింది.

పెట్టా అని ఒక బజారుంది. ఇరుకు సందులు, తోపుడు బళ్ళు, అరుపులు. అక్కడొక దుకాణం ముందు ఎండుమిరప బస్తాలు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ ఘాటు ముక్కుకి తగలగానే ఒకటి తీసి తుంపాను, గింజ చూశాను, తొడిమ చూశాను. సందేహమే లేదు, మనవైపుదే. కొట్టాయన తమిళుడు. "ఇండియా?" అని అడిగితే "గుంటూరు!" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను. మా నాన్న కల్లంలో ఆరబోసినవి ఇక్కడిదాకా వచ్చి ఉండొచ్చుగా! ఇక ఆయన మా ఊరి గురించి అడుగుతాడు, టీ ఇప్పిస్తాడు అని నేను చూస్తున్నాను.

ఆయన మౌనిక చున్నీ అంచు పట్టుకుని చూస్తున్నాడు. "చేనేతా? ఎవరు నేశారు?" అని అడిగాడు. వాళ్ళ నాన్న నేసిందని చెప్పగానే లోపల్నుంచి భార్యని పిలిచాడు. ఆవిడొచ్చి చున్నీని చెంపకి ఆనించుకుంది. స్టూలు వేశారు, టీ తెచ్చారు. నాకూ ఇచ్చారు లెండి, మౌనికతో ఉన్నాను కాబట్టి. బస్తాల పక్కన నిలబడే ఆ టీ తాగాను. దేశానికంతా కారం పంపించే ఊరి పిల్లని, నాకు స్టూలు లేదు.

అనురాధపురం: ఆకులు

అనురాధపురంలో మేం దిగాల్సింది సోమా ఆంటీ గారింట్లో. భర్త పోయాడు, పిల్లలు లేరు, రెండు గదుల్లో ఒకటి మాలాంటివాళ్ళకిస్తుంది. గది మాట్లాడింది మౌనికే. నెల రోజులుగా ఆవిడతో ఫోన్‌లో మెసేజీలు. రైల్లో కూడా అదే పని. "ఏం రాస్తున్నావే అంత?" అంటే "ఏం లేదు, గది కాస్త చిన్నదంట" అంది. చిన్నది అన్న మాట నా చెవిలో ఉండిపోయింది.

వాన తుంపరలో ఆటో దిగాం. అరవై దాటిన మనిషి, తెల్ల జాకెట్టు, పూల లుంగీ, గేటు దాకా ఎదురొచ్చింది. ముందు దిగిన మౌనికని గట్టిగా వాటేసుకుంది. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, "ఇద్దరిలో శైలు ఎవరు?" అని అడిగింది. నేనని చెయ్యెత్తాను. నన్ను ఒకసారి తేరిపార చూసి లోపలికెళ్ళింది. వచ్చేటప్పుడు రెండు చేతుల్లో ఒక కట్ట తమలపాకులు. తిన్నగా నా దగ్గరికొచ్చి, కాస్త వంగి, ఆ ఆకులు నా చేతుల్లో పెట్టి, రెండు చేతులూ జోడించి "ఆయుబోవన్" అంది, అంటే నమస్కారమని.

మీరే చెప్పండి. మన ఇళ్ళల్లో తాంబూలం ఎప్పుడిస్తారు? పేరంటం అయిపోయాక. భోజనం అయిపోయాక. బొట్టు పెట్టి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, దణ్ణం పెట్టారంటే ఇక లేవమని. ఆ తర్వాత కూడా కూర్చున్న మనిషిని ఏమంటారో మనకి తెలుసు. ఇంకా చెప్పులు విప్పలేదు, మంచినీళ్ళు తాగలేదు, నా చేతిలో తాంబూలం. మౌనిక చేతిలో లేదు.

గది చిన్నది. ఒకరికే చాలుతుంది. ఆ ఒకరు ఎవరో ఎప్పుడో నిర్ణయమైపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆకులు కుర్చీలో పెట్టి, బ్యాగు భుజానికేసుకుని, గేటు తీసుకుని రోడ్డెక్కాను.

"శైలూ! ఎక్కడికే?" మౌనిక పరిగెత్తుకొచ్చింది.

"గుంటూరుకి."

"పిచ్చెక్కిందా నీకు? ఏమైందే?"

"ఏమవ్వాలి ఇంకా? తాంబూలం ఇచ్చి దణ్ణం పెట్టింది. మెడ పట్టుకుని గెంటితేనే గెంటినట్టా? గది చిన్నదన్నావుగా, నువ్వుండు. నెల రోజులుగా మీకు మీకు మాటలు నడుస్తున్నాయిగా."

"తాంబూలం ఇస్తే పొమ్మనా?"

"మీ ఇంట్లో ఎప్పుడిస్తారే? మీ అమ్మ నాకు ఎప్పుడిచ్చింది? గుమ్మం దిగేటప్పుడేగా!"

"అదీ..." అని మౌనిక నసిగింది. చీరాలలోనూ పద్ధతి అదే మరి. తను తడబడేసరికి నాకు ఊపొచ్చింది. నడిరోడ్డు మీద, వానలో, గుంటూరు గొంతుతో అందుకున్నాను.

"సీటు నీకే. ఇంగ్లీషు నీకే. మా అమ్మ నీకే. ఆ మిరపకాయల కొట్టువాడు నీకే. ఈ ఆంటీ కూడా నీకేనా? ఎలాగూ హైదరాబాద్ వెళ్ళాక నన్ను వదిలేస్తావు, ఇక్కణ్ణుంచే మొదలెట్టావా?"

ఎదురింటివాళ్ళు కిటికీ తీశారు. భాష తెలియకపోయినా విషయం అర్థమైనట్టే ఉంది వాళ్ళకి. మౌనిక మొహం పాలిపోయింది.

ఇంతలో సోమా ఆంటీ గొడుగు పట్టుకుని వచ్చింది. కాలికో రకం చెప్పు. ఇంకో చేతిలో నేను కుర్చీలో వదిలేసిన ఆకుల కట్ట. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. వచ్చీరాని ఇంగ్లీషులో, "ఆకులు బాగాలేవా దువా? పొద్దున్నే కోశాను. వాడిపోయాయా?" అని అడిగింది. దువ అంటే వాళ్ళ భాషలో కూతురు.

తర్వాత మౌనిక అడిగి అడిగి విషయం లాగింది. వాళ్ళ దగ్గర ఇంటికొచ్చినవాళ్ళకి గౌరవంగా ముందు ఇచ్చేది తమలపాకులేనంట. రమ్మని, ఉండమని. ముఖ్యమైన మనిషికి ముందు ఇస్తారంట. "మౌనికవి లోపల పళ్ళెంలో ఉన్నాయి" అంది ఆంటీ. "నెల నుంచీ ఈ పిల్ల రాస్తూనే ఉంది. మా శైలు వస్తోంది, మా శైలుకి కిటికీ పక్క మంచం కావాలి, మా శైలు కారం లేకపోతే తినదు అని. అందుకే శైలు ఎవరని అడిగాను. నీకే ముందు ఇచ్చాను."

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆకులు తీసుకుని ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆవిడ నవ్వేసింది. కానీ హైదరాబాద్ మాటకి మౌనిక జవాబు చెప్పలేదు. అది మాత్రం నేను మర్చిపోలేదు.

కారం తినడం కూడా తప్పే

ఆవిడ వంట గురించి చెప్పకపోతే పాపం. ఎర్రబియ్యం అన్నం, పప్పు, పనస కూర, ఎండుచేప, ఉల్లిపాయా మిరపకాయా దంచిన కారం ఒకటి. నేను అన్నీ కలిపి లాగించాను. మౌనిక కారం తినలేదు. మొదటి ముద్దకే ముక్కు ఎర్రబడింది. అంతే, ఆంటీ గబగబా లేచి తన కోసం కొబ్బరిపాలతో పసుపుపచ్చటి పులుసు కాచింది, గుడ్డు ఉడకబెట్టింది, పక్కన కూర్చుని వడ్డించింది. అన్నీ తినేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు చూడండి. నాక్కూడా ఆ క్షణం కారం తగిలితే బాగుండనిపించింది.

పగ తీర్చుకోవడానికి మా అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి సీసా బయటికి తీశాను. ఆంటీ వేలితో నాకి, కళ్ళు మూసుకుని, మళ్ళీ నాకి, "మౌనికా, మీ అమ్మ చేసిందా?" అంది.

"మా అమ్మ!" అని అరిచాను. సీసా ఆవిడ అలమారలోకి వెళ్ళిపోయింది, మళ్ళీ మాకు కనబడలేదు.

మర్నాడు పెద్ద స్తూపం చూశాం. తెల్లగా, ఆకాశానికి ఆనుకుని, ఇంత పొడవు. తెల్లబట్టలు కట్టుకున్న జనం తామరపూలు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నారు, చంటిపిల్లలు పాకుతున్నారు, ముసలివాళ్ళు జపం చేస్తున్నారు. మా అమరావతి గుర్తొచ్చింది. మాకూ ఒకప్పుడు ఇలాంటిదే ఉండేదంట. ఇప్పుడు మిగిలింది గడ్డి మొలిచిన దిబ్బ, చెక్కిన రాళ్ళు ఏ ఏ మ్యూజియంలలోనో ఉన్నాయి. స్కూల్లో ఉండగా పిక్నిక్‌కి వెళ్ళి ఆ దిబ్బ పక్కనే పులిహోర తిన్నాం. వీళ్ళ స్తూపం బతికే ఉంది, మాది లేదు. దేశం మీద దేశానికి అసూయ ఉండొచ్చో లేదో తెలియదు, నాకైతే కళ్ళు కుట్టాయి.

అక్కడే బుద్ధుడి విగ్రహం ముందు సెల్ఫీకి తిరిగాను. ఒక ముసలావిడ వచ్చి, భుజాలు పట్టుకుని, మెల్లగా నన్ను విగ్రహం వైపు తిప్పింది. బుద్ధుడికి వీపు చూపించి ఫోటో దిగకూడదంట. కోప్పడలేదు, చేతిలో ఒక తామరపువ్వు పెట్టి పోయింది. రేకులు ఎలా మడవాలో మౌనిక చూపించింది. అప్పటిదాకా ఇద్దరం ఉప్పు అందుకో, నీళ్ళు అందుకో అన్న మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

ట్రింకోమలీ: అవే నీళ్ళు

ఆఖరి మజిలీ తూర్పు తీరం. నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే మోకాళ్ళ లోతులో నా కాలివేళ్ళు కనిపించాయి. మన చీరాల పక్కన వాడరేవు బీచ్‌లో నా కాళ్ళు నాకెప్పుడూ కనిపించలేదు. ఒక పక్కన మాత్రం పడవలు, వలలు, ఇసుకలో ఎండబెట్టిన చేపలు, ఆ వాసన. కళ్ళు మూసుకుంటే అచ్చం వాడరేవే. ఈ నీళ్ళే ఉత్తరంగా పోతే మన ఒడ్డుకి తగులుతాయని మౌనిక అంది. "మరి మురికంతా మనకే ఎందుకు పంపించారు వీళ్ళు?" అన్నాను.

రొయ్యల వడలు అమ్మేవాడి దగ్గర రెండు కొన్నాం. వడ మీద రొయ్య రొయ్యలాగే పడుకుని ఉంటుంది, పైన కారం. మౌనిక తన వడ మీద కారమంతా గీకి నా కాగితంలో వేసింది.

"ఆ రోజు రోడ్డు మీద అడిగావే, వదిలేస్తావా అని" అంది.

"ఊఁ."

"వదలను అని అప్పుడే అనేయొచ్చు. నోరు రాలేదు. అక్కడ నేనెలా ఉంటానో నాకే తెలియదు శైలూ. ఆ గదిలో ఎవరుంటారో తెలియదు. రోజూ ఫోన్ చేస్తానని ఒట్టేసి, చెయ్యకపోతే? నువ్వు లెక్కపెట్టుకుంటావు, నాకు తెలుసు. నాకు చాలా భయంగా ఉందే."

"భయపడ్డానికైనా సీటు రావాలిగా" అన్నాను.

నవ్వబోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. తనది బెంగ, నాది కుళ్ళు, కాని ముక్కులు ఒకేలా కారాయి. వడల కాగితంతో తుడుచుకుంటే కారం కళ్ళల్లోకి వెళ్ళింది. గుంటూరు పిల్లని, కారానికి ఏడవడం నా జన్మలో అదొక్కసారే.

అయినా తను వదలనని చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

చీరాల: మన పద్ధతి

తిరిగొచ్చాక, మౌనిక హైదరాబాద్ బయల్దేరే ముందు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న మగ్గం మీద ఉన్నాడు. సోమా ఆంటీ ఇచ్చిన టీపొడి కాచుకుని తాగాం. మౌనిక పెట్టె సర్దుతుంటే మంచం మీద కూర్చుని అది మర్చిపోయావు, ఇది మర్చిపోయావు అని సాధించాను. నేను వెళ్ళొస్తానని లేవగానే వాళ్ళమ్మ బొట్టు పెట్టి, రవికె గుడ్డ, పళ్ళు, తమలపాకులు చేతిలో పెట్టింది.

"ఇవన్నీ ఎందుకు ఆంటీ" అన్నాను.

"ఉత్త చేతుల్తో పోకూడదమ్మా" అంది ఆవిడ.

మౌనిక గుమ్మంలో నిలబడి ఆ ఆకుల వంకే చూస్తోంది. ఆవిడకి తెలియదు పాపం. మన దగ్గర తాంబూలానికి ఒకటే అర్థం. తీసుకుని బస్సెక్కాను.

హైదరాబాద్: గేటు దగ్గర

ఇది యాత్రలో భాగం కాదు, ముద్ర కూడా పడలేదు. అయినా చెప్పాలి. మళ్ళీ రాయబోయే పరీక్షకి కోచింగ్ విషయం కనుక్కోవడానికి హైదరాబాద్ వెళ్ళాల్సొచ్చింది. మౌనిక తన హాస్టల్లో ఉండమంది. తను అన్నట్టే రోజూ ఫోన్ చేయలేదు. తను అన్నట్టే నేను లెక్కపెట్టుకున్నాను. తన స్టేటస్‌లో ఎప్పుడు చూసినా ఒక కొత్త పిల్ల, పొడుగ్గా, కత్తిరించిన జుట్టుతో. పేరు జాహ్నవి. రూమ్మేట్. ఆ పేరంటేనే నాకు గిట్టదు.

ఆటో దిగేసరికి ఇద్దరూ గేటు దగ్గరే ఉన్నారు. జాహ్నవి నవ్వింది. ఫోటోల్లోకన్నా బాగుంది, నా ఖర్మ. మౌనిక మాత్రం నవ్వకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నేను దగ్గరికి రాగానే రెండు చేతులూ ముందుకు చాపింది. తమలపాకుల కట్ట. కాస్త వంగి, ఆ ఆకులు నా చేతుల్లో పెట్టి, దణ్ణం పెట్టింది. వాచ్‌మన్ నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"ఎన్ని పాన్ డబ్బాలు తిరిగానో తెలుసా?" అంది. "ప్రతివాడూ సున్నం రాసేస్తానంటాడు. ఉత్త ఆకులు చాలు బాబూ, మా ఇంటికి మనిషొస్తోంది అంటే వాళ్ళకి అర్థం కాదు."

నా కళ్ళు మండాయి. ఈసారి కారం లేదు. ఆకులు గుండెకి ఆనించుకుని, తన వెనక నిలబడ్డ ఆ పొడుగు పిల్ల వైపు చూశాను.

"ఈ అమ్మాయి వచ్చినప్పుడు కూడా ఇచ్చావా?"

"లేదే తల్లీ."

"ఒట్టు?"

"ఒట్టు."

అయితే సరే అని బ్యాగు తీసుకెళ్ళి లోపల పెట్టాను.